పై దవడలో పన్ను పోతే...



పన్ను నొప్పి పెడితే లవంగనూనె రాసుకుని, పండగ వెళ్ళాక చూద్దాంలే అనుకోవడం మనకి అలవాటు. చివరికి పీకించుకుని, "వెనక పన్నేగా, నవ్వితే కనబడదు" అని ఊరుకుంటాం. మా ఎదురింటి పిన్నిగారు అలాగే పదేళ్ళు ఊరుకున్నారు. ఈమధ్య ఇంప్లాంటు పెట్టించుకుందామని వెళితే, డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, "ఎముక చాలదమ్మా, ముందు సైనస్ పొరని పైకెత్తి ఎముక వెయ్యాలి" అన్నారట. ఆవిడ హడలిపోయి ఇంటికొచ్చేశారు. పంటికీ సైనస్‌కీ సంబంధమేమిటంటారా?

ముక్కుకి రెండు పక్కలా, చెంపల లోపల చెరొక గాలి గది ఉంది. అదే సైనస్. పై దవడ వెనక పళ్ళ వేళ్ళు ఆ గది నేలకి దగ్గరగా ఉంటాయి. పన్ను పోయాక, నమిలే పని లేక అక్కడి ఎముక తరిగిపోతుంది. పైనుంచి గాలి గది కూడా కిందికి వ్యాపిస్తుంది. ఇంప్లాంటంటే టైటానియం మర. పల్చటి గోడలో మేకు నిలవనట్టే, పల్చటి ఎముకలో అదీ నిలవదు.

ఈ చిక్కుకి దారి వెతికినవారు అమెరికాలో హిల్ట్ టాటమ్. 1970లలో ఆయన ఈ ఆపరేషన్ మొదలుపెట్టారు. 1980లో బోయిన్, జేమ్స్ అనే వైద్యులు దీన్ని వైద్యపత్రికలో ప్రచురించారు.

చిగురు మొద్దుబారేలా ఇంజక్షన్ ఇచ్చి, దవడ పక్క ఎముకలో చిన్న కిటికీ తెరుస్తారు. లోపల, గుడ్డు పెంకు కిందుండే పొరలాంటి పల్చటి పొర ఉంటుంది. దాన్ని చిరగకుండా మెల్లిగా పైకెత్తి, కింద ఏర్పడిన ఖాళీలో ఎముక పొడి నింపుతారు. పొర చిరగడమే ఇందులో ఎక్కువగా వచ్చే ఇబ్బంది. చిన్న చిరుగైతే అప్పుడే సరిచేస్తారు. ఎముక సుమారు 5 మిల్లీమీటర్లయినా మిగిలి ఉంటే, చాలాసార్లు కిటికీ అక్కర్లేకుండా కిందనుంచే పొరని ఎత్తి, అదే రోజు ఇంప్లాంటు కూడా పెట్టేస్తారు.

వేసిన పొడి చిక్కుడుపాదుకి పందిరి లాంటిది. దాన్ని ఆసరా చేసుకుని మన సొంత ఎముక అల్లుకుంటుంది. అందుకు సాధారణంగా ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ పొడి మన దవడనుంచే తీసినది కావచ్చు, దాతల ఎముకనుంచి శుద్ధిచేసినది కావచ్చు, పశువుల ఎముకనుంచి తయారైనది కావచ్చు, కృత్రిమంగా చేసినదీ కావచ్చు. ఆచారరీత్యా పట్టింపు ఉన్నవారు మొహమాటపడకుండా ముందే అడగండి. అడగడం మన హక్కు.

ఆపరేషనయ్యాక కొన్ని వారాలపాటు ముక్కు గట్టిగా చీదకూడదు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. స్ట్రాతో పీల్చకూడదు. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. జ్వరం వచ్చినా, ముక్కులోంచి చీము, ఆగని రక్తం వచ్చినా వెంటనే డాక్టరుకి చూపించాలి.

మధుమేహం అదుపులో లేకపోయినా, సైనస్ జబ్బున్నా ముందు దానికి వైద్యం చేయించుకోవాలి. పొగాకు, జర్దా మానాలి. ఎముకల బలానికి మందులో, ఇంజక్షన్లో వాడే పెద్దవాళ్ళు ఆ సంగతి తప్పక చెప్పాలి. కొన్ని రకాల వల్ల దవడ గాయం మానకపోవచ్చు.

ఇది అందరికీ తప్పనిసరి ఏమీ కాదు. పొట్టి ఇంప్లాంట్లున్నాయి, పక్క పళ్ళ ఆసరాతో కట్టే బ్రిడ్జి ఉంది, తీసిపెట్టుకునే కట్టుడుపళ్ళున్నాయి. ఖర్చు, కాలం, ఓపిక మూడూ బేరీజు వేసుకోండి.

పిన్నిగారు ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని మళ్ళీ వెళ్ళారు. ఈసారి పన్ను పీకించుకోవలసిన కోడల్ని కూడా వెంటబెట్టుకెళ్ళారు. పీకిన రోజే ఆ గుంటలో ఎముక పొడి నింపితే తరుగుదల కొంత తగ్గుతుందని అక్కడే తెలిసింది. "ఈ మాట పదేళ్ళ క్రితం నాకెవరూ చెప్పలేదే!" అన్నారావిడ.

అందుకే మీకు చెప్పాను.