తీరిక లేదను మాట

పల్నాటి రైతును "క్షేమమా?" యని యడిగినచో మొదట వచ్చు మాట "ఏమి క్షేమము, తీరిక లేదు" అనునదే. ఇందు అబద్ధ మేమియు లేదు. క్రోసూరు ప్రాంతమున పత్తి, మిరప ముఖ్యమైన పైరులు. తొలకరి మొదలు పత్తి గింజ పెట్టుట, కలుపు తీయుట, పురుగుమందు కొట్టుట. వానలలో మిరప నారు నాటుట. కార్తికము వచ్చుసరికి పత్తి తీత. సంక్రాంతి దాటగనే మిరప కోతలు, కల్లములో ఆరబోత, తాలుకాయ లేరుట, టిక్కీలకెత్తి గుంటూరు యార్డునకు చేర్చుట. స్త్రీలకు ఇవియు గాక పొయ్యి, పాడి, పసిబిడ్డలు కూడ నున్నవి.

అయినను సభ్యులొక సంగతిని జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. కల్లములో కాయ యెండుచుండగా అకస్మాత్తుగా మబ్బు పట్టినదనుకొందము. ప్రక్క కల్లపు రైతు పొరుగూరికి పోయియున్నాడు. అట్టి వేళ "నాకు తీరిక లేదు" అనినవానిని మేము చూడలేదు. ఎవరి కాయ యని యడుగక నలుగురును పట్టాలు కప్పుటకు పరుగెత్తుదురు. వెనుకటి గట్టు తగవులు సైతము ఆ గడియలో గుర్తునకు రావు. కావున తీరిక మనయొద్ద లేకపోలేదు. మబ్బు కంటికి కనబడినప్పుడు దొరకుచున్నది. కనబడనప్పుడు దొరకుట లేదు.

ఇంటిలో పట్టిన మబ్బు వీధికి కనబడదు. దాని యుఱుము ఎవరికిని వినబడదు. అప్పు గడువు దాటిన కౌలురైతు, ఆలు మంచము పట్టిన కాపు, పిల్లలు దూరదేశములకు పోగా ఒంటరిగా మిగిలిన ముసలితల్లి — వీరు కేక వేసి పిలువరు. 1997-98లో పత్తి పురుగుపాలైనప్పుడు వరంగల్లు, గుంటూరు మొదలగు జిల్లాలలో పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. అప్పు, వడ్డీ, పనిచేయని మందులు, పంటనష్టము — ఇన్ని కారణములను పొరుగువాని పలకరింపు ఒక్కటియే తీర్చునని మేము చెప్పజాలము. కాని ఒంటరితనము అప్పును రెట్టింపు చేసి చూపును. అరుగుమీద కూర్చుండి ఒక గడియసేపు వినువాడున్నచో బాకీ బాకీగానే కనబడును. బ్రదుకునకు ముగింపుగా కనబడదు. గడువు కోరుటకు, వైద్యునియొద్దకు పోవుటకు తోడు దొరకును.

మన సహకారోద్యమము పెరిగినదే తీరిక లేనివారి చేతులలో. ఇంగ్లాండులోని రాచ్‌డేల్ పట్టణమున 1844వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీని సహకార దుకాణమును తెఱచినవారిలో పెక్కురు నేతపనివారు. వారికి పగలెల్ల పని. కావున దుకాణమును మొదట సాయంకాలములందే తెఱచిరి. మూలధనమునకై ఆదివారములందు సభ్యుల యిండ్లకు పోయి, వారము వారము కొలది పెన్నీలు చందా పోగుచేసిరి. ఉన్న ఒక్క విశ్రాంతి దినమును దానికే యిచ్చిరి. అట్లు గడప యెక్కినవారికి చందాతోపాటు ఆ యింటి కష్టసుఖములును తెలిసియుండునని మా తలంపు.

అయినచో మనకు ఉపాయమేమి? కాలువనీరే మనకు గురువు. ఎగువవారు వాడుకొనగా మిగిలినది చివరి భూములకు చేరునులెమ్మని యూరకున్నచో ఎన్నడును చేరదు. వంతు లేర్పరచిననే చేరును. తీరికయు నట్టిదే. పనులన్నియు ముగిసిన పిమ్మట మిగిలిన కాలమును తోటివారి కిత్తుమన్నచో, సేద్యమునకు పని ముగియు దినమే లేదు. ముందుగనే వంతు పెట్టుకొనవలెను.

ఇందుకు పెద్ద యేర్పాటు లక్కఱలేదు. వారమునకొక సాయంకాలము ఒక యింటికని నిర్ణయించుకొనవచ్చును. పాలు పోయుటకు పోవునప్పుడు ఎన్నడును మూయని తలుపు మూసియున్నచో ఆగి పిలువవలెను. యార్డునకు ఒంటరిగా పోక ఇద్దఱు కలిసి పోయినచో, దారిలోని మాటలకు వేఱుగా కాలము వెచ్చింప నక్కఱలేదు. జబ్బుపడినవాని చేనికి నలుగురు ఒక్కొక్క పూట బదులుపని చేసినచో కోత యాగదు. సర్వసభ్య సమావేశమునకు రాని సభ్యుని గైర్హాజరని వ్రాసి విడువక, మఱునాడు పాలకవర్గమువారిలో నొకరు ఆయన యింటికి పోయి కారణము కనుగొనవలెను. పనితొందరలో ఎవరైన వచ్చినచో "తీరిక లేదు" అనుటకు మాఱుగా "ఫలాని పూట వత్తును" అనవలెను. అనిన పిమ్మట తప్పక పోవలెను.

ఎరువునకు, కూలికి, వడ్డీకి లెక్క వ్రాసికొను రైతు తన దినచర్యలో పొరుగువానికొక గడియ వ్రాసికొనుట అసాధ్యము కాదు. ఈ వారము తాము తలుపు తట్టవలసిన యిల్లేదో సభ్యులు ఈ సంచికను మూయకమునుపే తలపోయుదురుగాక!