ఇస్లామీయ ప్రవక్తల కథలు: బాలలకు విశ్వాస, ధైర్య బోధనలో భయానికి ఉన్న స్థానం

వ్యాససంగ్రహం

బాలలకు విశ్వాసాన్ని, ధైర్యాన్ని నేర్పడానికి ముస్లిం సమాజాలు తరతరాలుగా ఆశ్రయించిన ప్రధాన సాధనం ప్రవక్తల కథలు. ఈ కథలను పిల్లల కోసం కుదించి చెప్పేటప్పుడు ప్రవక్తలు భయమెరుగని వీరులుగా మారిపోయే అవకాశం ఉంది. ఖుర్ఆన్ కథనం అలా సాగదు. అందులో ప్రవక్తలు భయపడతారు, దుఃఖిస్తారు, సందేహ నివృత్తి కోరుతారు, తోడు అడుగుతారు. మూసా, ఇబ్రాహీం, యూసుఫ్, యూనుస్ ప్రవక్తల కథల ఆధారంగా, ధైర్యం భయానికి వ్యతిరేకం కాదనీ, భయాన్ని దైవసన్నిధిలో చెప్పుకొని ముందుకు నడవడమే ధైర్యమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగులో ఈ కథలు చెప్పే బోధకులు గమనించవలసిన భాషా, సామాజికాంశాలను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: ప్రవక్తల కథలు, ఖుర్ఆన్, బాలసాహిత్యం, ఈమాన్, తవక్కుల్, సబ్ర్, ధైర్యం, బోధన.

1. ఉపోద్ఘాతం

ఖుర్ఆన్‌లో 25 మంది ప్రవక్తల పేర్లు కనిపిస్తాయి. వారి వృత్తాంతాలను విస్తరించి చెప్పే రచనలకు అరబ్బీలో ‘ఖససుల్ అంబియా’ అని పేరు. 11వ శతాబ్దికి చెందిన సాలబీ, 14వ శతాబ్దికి చెందిన ఇబ్ను కసీర్ వంటివారి రచనలు ఈ ప్రక్రియలో ప్రసిద్ధాలు. మసీదు ప్రసంగాలలోను, మదరసాలలోను, ఇంట్లో పెద్దల నోటను ఈ కథలు బాలలకు చేరుతున్నాయి.

కథ విన్న బాలుడు తనను కథానాయకుడితో పోల్చుకుంటాడు. ప్రవక్తకు ఎన్నడూ భయం కలగలేదని చెబితే, చీకటికి, పరీక్షకు, తోటివారి ఎగతాళికి భయపడే పిల్లవాడు తన విశ్వాసమే లోపభూయిష్టమని భావించే ప్రమాదం ఉంది. అందువల్ల ప్రవక్తల కథలలో భయానికి ఉన్న స్థానాన్ని పరిశీలించడం కథన పద్ధతికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. అది బాలుని ఆత్మగౌరవానికీ, విశ్వాస స్వరూపానికీ సంబంధించినది.

2. కథల ప్రయోజనం

ఖుర్ఆన్ తన కథల ప్రయోజనాన్ని తానే పేర్కొంటుంది. పూర్వప్రవక్తల వృత్తాంతాలను వినిపించడం ముహమ్మద్ ప్రవక్త హృదయాన్ని స్థిరపరచడానికేనని హూద్ సూరాలోని ఒక ఆయత్ (11:120) తెలుపుతుంది. స్థిరపరచవలసిన అవసరం ఉన్నదంటే హృదయం చలించే సందర్భాలు ఉన్నాయని అర్థం. మక్కాలో ఎగతాళికి, బహిష్కరణకు గురైన తొలి విశ్వాసుల మధ్య ఈ కథలు వినిపించాయి. వినేవారి కష్టానికీ, కథలోని కష్టానికీ నడుమ సాదృశ్యమే వాటి బలం.

ఒక్క యూసుఫ్ వృత్తాంతం 111 ఆయత్‌ల సూరాలో ఆద్యంతం క్రమంగా సాగుతుంది. తక్కిన ప్రవక్తల కథలు చాలావరకు వేర్వేరు సూరాలలో, సందర్భానికి తగిన ఘట్టాలుగా దర్శనమిస్తాయి. పిల్లలకు చెప్పేవారు ఈ ఘట్టాలను కాలక్రమంలో కూర్చుతారు. ఆ కూర్పులో కర్ర పామగుట, సముద్రం చీలుట, అగ్ని చల్లబడుట వంటి అద్భుతాలు ముందుకు వచ్చి, అద్భుతానికి ముందున్న మానసిక స్థితి వెనుకబడవచ్చు. బోధన దృష్టితో చూస్తే ఆ వెనుకబడిన భాగమే ముఖ్యమైనది. అద్భుతాన్ని బాలుడు అనుకరించలేడు. దానికి ముందు ప్రవక్త చేసిన ప్రార్థనను, వేసిన అడుగును అనుకరించగలడు.

3. మూసా: భయం నుండి భరోసాకు

ఖుర్ఆన్‌లో అత్యధికంగా ప్రస్తావితుడైన ప్రవక్త మూసా. ఆయన కథ భయంతోనే మొదలవుతుంది. శిశువును నదిలో విడిచిపెట్టమని, భయపడవద్దని, దుఃఖించవద్దని తల్లికి దైవప్రేరణ కలిగింది (28:7). అయినా ఆమె హృదయం శూన్యమైపోయిందనీ, అల్లాహ్ ఆమె మనసును దృఢపరచకపోతే రహస్యాన్ని బయటపెట్టి ఉండేదనీ ఖుర్ఆన్ దాచకుండా చెబుతుంది (28:10). ఆ తల్లి చేతులు ముడుచుకొని కూర్చోలేదు. బిడ్డ జాడ కనిపెట్టమని కూతురిని పంపింది. దైవంపై భారం వేయడమనే ‘తవక్కుల్’కు, చేయగలిగిన పని చేయడానికి మధ్య వైరుధ్యం లేదని బాలలకు చెప్పడానికి ఇంతకంటె సులభమైన ఉదాహరణ అరుదు. ఇక్కడ ధైర్యం చూపినవారు ఒక తల్లి, ఒక బాలిక అన్నది కూడా గమనార్హం.

పెద్దవాడైన తరువాత మూసా చేతిలో ఒక వ్యక్తి మరణించాడు. ఆయన భయంతో నగరం విడిచి వెళ్లారు (28:21). దైవపిలుపు అందిన చోట, తన చేతికర్ర పామువలె కదలడం చూసి వెనుదిరిగి పరుగెత్తారు (28:31). ఫిరౌన్ వద్దకు వెళ్లమన్నప్పుడు తనను చంపుతారేమోనన్న భయాన్ని, తన వాక్కులోని ఇబ్బందిని విన్నవించుకున్నారు. తనకంటె స్పష్టంగా మాట్లాడగల సోదరుడు హారూన్‌ను తోడుగా కోరారు. అల్లాహ్ ఆ కోరికను మందలించలేదు, మన్నించాడు. సోదరులిద్దరూ మళ్లీ తమ భయాన్ని చెప్పుకున్నప్పుడు లభించిన సమాధానం గమనింపదగినది (20:45–46). ఫిరౌన్ బలహీనుడని అల్లాహ్ చెప్పలేదు; తాను వారితో ఉన్నాననీ, వింటున్నాననీ, చూస్తున్నాననీ మాత్రమే చెప్పాడు. మాంత్రికుల ఎదుట సైతం మూసా మనసులో భయం కదిలింది (20:67).

ఇన్ని ఘట్టాల తరువాత సముద్రతీరం వస్తుంది. ముందు నీరు, వెనుక సైన్యం. అనుచరులు తాము చిక్కిపోయామని ఆక్రోశించినప్పుడు, తన ప్రభువు తనతో ఉన్నాడని, దారి చూపుతాడని మూసా నిశ్చలంగా పలికారు (26:61–62). ఒకనాడు తన కర్రను చూసి పరుగెత్తినవారే ఈ మాట అన్నారు. మొదటి ఘట్టాన్ని తొలగించి చివరి ఘట్టాన్నే చెబితే ధైర్యం పుట్టుకతో వచ్చిన గుణంగా తోస్తుంది. రెండింటినీ కలిపి చెబితే, ధైర్యం క్రమంగా అలవడేదని బాలునికి తెలుస్తుంది.

4. ఇబ్రాహీం: ప్రశ్నించే విశ్వాసం, మర్యాద తప్పని ధైర్యం

ఇబ్రాహీం కథలో విశ్వాసం ప్రశ్నతో ముడిపడి ఉంది. నక్షత్రం, చంద్రుడు, సూర్యుడు ఒక్కటొక్కటిగా అస్తమించడాన్ని చూపుతూ సాగిన తర్కం అన్ఆమ్ సూరాలో ఉంది (6:76–79). మృతులను ఎలా బ్రతికిస్తావో చూపమని ఆయన అల్లాహ్‌నే అడిగారు. నమ్మకం లేదా అన్న ప్రశ్నకు, ఉన్నదనీ, మనసు కుదుటపడడానికే అడిగాననీ బదులిచ్చారు (2:260). ఆ ప్రశ్నకు శిక్ష పడలేదు, సమాధానం లభించింది. ‘అలా అడగకూడదు’ అన్న మందలింపుతో పిల్లల ప్రశ్నలను తుంచివేసే బోధకులకు ఈ ఘట్టం ఒక హెచ్చరిక.

విగ్రహభంజన ఘట్టం బాలలకు తరచుగా చెప్పేది. ఖుర్ఆన్ కథనంలో ఇబ్రాహీం ఆ వేళ యువకుడు (21:60). పెద్ద విగ్రహాన్ని మాత్రం మిగిల్చి, అవి మాట్లాడగలిగితే వాటినే అడగమన్నారు. విన్నవారు ఒక క్షణం తమలోకి తాము చూసుకున్నారు, మరుక్షణమే పాత వాదానికి మరలారు (21:64–65). కథలోని కేంద్రబిందువు ఆ ఆలోచనాక్షణం. తన సొంత ఇంటిలో, తన సొంత సమాజంలో ఒంటరిగా నిలిచి ప్రశ్న వేయడమే ఇక్కడి సాహసం. దాని మూల్యాన్ని అగ్నిప్రవేశ రూపంలో ఆయనే భరించారు.

మర్యం సూరాలో తండ్రితో జరిగిన సంభాషణ దీనికి పూరకం. ప్రతి విన్నపానికి ముందు ఇబ్రాహీం ప్రేమపూర్వకంగా ‘నాన్నా’ అని సంబోధిస్తారు. రాళ్లతో కొట్టిస్తానని తండ్రి బెదిరించినప్పుడు శాంతి కోరుతూ వీడ్కోలు పలుకుతారు (19:42–47). విభేదించడం వేరు, అవమానించడం వేరు అన్న వివేకం ఈ సంభాషణలో ఉంది. విగ్రహ ఘట్టాన్ని ఈ సంభాషణ లేకుండా చెబితే పాఠం అసంపూర్ణమవుతుంది.

5. యూసుఫ్, యాఖూబ్, యూనుస్: ఒంటరితనం, కన్నీరు

యూసుఫ్ బాల్యంలోనే సోదరుల అసూయకు గురై బావిలో పడవేయబడ్డారు. ఆ చీకటిలో ఆయనకు దైవప్రేరణ కలిగింది (12:15). అయితే బావి నుండి వెంటనే ఇంటికి మార్గం దొరకలేదు. బానిసత్వం, నింద, చెరసాల గడిచిన పిమ్మటనే కథ మలుపు తిరిగింది. సత్ఫలితం ఆలస్యంగా రావచ్చుననీ, ఆలస్యం పరిత్యాగం కాదనీ ఈ నిర్మాణమే బోధిస్తుంది.

తండ్రి యాఖూబ్ పాత్ర ‘సబ్ర్’ అనే భావనకు నిర్వచనం వంటిది. తెలుగులో ‘సహనం’ అన్నప్పుడు మౌనంగా భరించడమన్న అర్థం స్ఫురిస్తుంది. యాఖూబ్ మౌనంగా భరించలేదు. దుఃఖంతో కళ్లు తెల్లబడేంతగా విలపించారు (12:84), తన వేదనను అల్లాహ్‌తో మొరపెట్టుకున్నారు (12:86). ఏడవడం విశ్వాసలోపం కాదని, ముఖ్యంగా మగపిల్లలకు, చెప్పడానికి ఈ పాత్ర తగినది.

యూనుస్ కథలో ప్రవక్తే తన కర్తవ్యస్థానం విడిచి వెళ్లారు. చేప గర్భంలోని చీకటిలో తన తప్పును అంగీకరించి ప్రార్థించారు, విముక్తి పొంది మళ్లీ తన జనుల వద్దకు చేరారు (21:87, 37:139–148). తప్పు చేసినవారికి తిరిగి రావడానికి దారి ఉన్నదన్నది బాలలకు ఈ కథ ఇచ్చే భరోసా.

ముహమ్మద్ ప్రవక్త జీవితంలోను ఇదే స్వరం వినిపిస్తుంది. హిరా గుహలో తొలి వహీ అందిన తరువాత ఆయన వణుకుతూ ఇంటికి వచ్చి తనపై వస్త్రం కప్పమన్నారనీ, భార్య ఖదీజా ఆయన సద్గుణాలను గుర్తుచేస్తూ ఓదార్చారనీ సహీహ్ బుఖారీ తొలి అధ్యాయంలోనే ఉంది. భయాన్ని ఆత్మీయులతో పంచుకోవడం ఇక్కడ ఆదర్శమే అయింది.

6. బాలల కోసం తిరిగి చెప్పడం: ఒక నమూనా

లక్నోలోని నద్వతుల్ ఉలమాకు చెందిన అబుల్ హసన్ అలీ నద్వీ రచించిన ‘ఖససున్ నబియ్యీన్’ అరబ్బీ నేర్చుకునే బాలల కోసం ఐదు భాగాలుగా వెలువడింది. పిల్లల చేతిలో జంతువుల కథలే ఎక్కువగా కనిపిస్తున్నాయన్న ఆవేదనతో, తన అన్నకుమారుని ఉద్దేశించి ఆయన ఈ రచన ప్రారంభించారు. చిన్న వాక్యాలు, పరిమిత పదజాలం, మాటల పునరుక్తి దీని లక్షణాలు. మొదటి భాగంలో బాల ఇబ్రాహీం తండ్రిని ప్రశ్నలు అడిగే తీరు పిల్లల సహజ స్వభావానికి అనుగుణంగా ఉంటుంది. భాష సులభం కావడానికి కథలోని ప్రశ్నను తొలగించనక్కరలేదని ఈ రచన చూపుతుంది.

ప్రవక్తల రూపచిత్రణను ముస్లిం సమాజాలలో అత్యధికులు అంగీకరించరు. అందువల్ల బాలల పుస్తకాలలో పడవ, బావి, కర్ర, చేప, ఎడారి వంటివి బొమ్మలుగా వస్తాయి. ఇది పరిమితిగా తోచినా బోధకునికి ఉపకరిస్తుంది. ప్రవక్త ముఖకవళికలు బొమ్మలో లేనందున, ఆయన మనోభావాన్ని మాటలతోనే చెప్పవలసి వస్తుంది. ‘ఆ క్షణంలో ఆయనకు ఏమనిపించి ఉంటుంది?’ అన్న ప్రశ్న పిల్లల ముందుంచడానికి అది చక్కని అవకాశం.

7. తెలుగు నేపథ్యం

తెలుగు నేలపై ముస్లిం బాలలలో కొందరి ఇంటిభాష దక్కనీ ఉర్దూ. దూదేకుల కుటుంబాల వంటి చోట్ల తెలుగే. ఖుర్ఆన్ పఠనం అరబ్బీలో, పాఠశాల చదువు మరో భాషలో సాగుతున్నప్పుడు, ప్రవక్తల కథలను తెలుగులో చెప్పేవారు మాటల ఎంపికలో జాగ్రత్త వహించాలి. ‘తఖ్వా’ అనే పదానికి తెలుగు ఇస్లామీయ రచనలలో ‘భయభక్తులు’ అనే అనువాదం రూఢమైంది. ఫిరౌన్ ఎదుట కలిగిన ‘ఖౌఫ్’కూ ‘భయం’ అనే మాటనే వాడతారు. ఒకే కథలో అల్లాహ్‌కు భయపడమనీ, భయపడవద్దనీ విన్న బాలుడు అయోమయానికి లోనుకావచ్చు. మొదటిది దైవం చూస్తున్నాడన్న ఎరుకతో కూడిన భక్తి అనీ, రెండవది ప్రమాదం ఎదుట కలిగే బెదురు అనీ విడమరచి చెప్పడం అవసరం.

మరొక అంశం బహుమత సమాజానికి సంబంధించినది. తెలుగు పాఠశాలలో ముస్లిం బాలుని పక్కన కూర్చునే స్నేహితుడు విగ్రహారాధకుల ఇంటి బిడ్డ కావచ్చు. ఇబ్రాహీం కథను చెప్పే బోధకుడు, ఇతరులు ఆరాధించేవాటిని దూషించవద్దన్న ఖుర్ఆన్ నిషేధాన్ని (6:108) కూడా అదే పాఠంలో చెప్పవలసి ఉంటుంది. కథలోని సాహసం స్నేహితుని విశ్వాసంపై దాడిగా కాక, సొంత అంతరాత్మకు కట్టుబడి ఉండడంగా బాలునికి అందాలి. తండ్రి ఆగ్రహానికీ, అగ్నికీ లొంగని బాలభక్తునిగా ప్రహ్లాదుడు తెలుగువారికి పోతన భాగవతం ద్వారా సుపరిచితుడు. రెండు కథల తాత్త్విక నేపథ్యాలు భిన్నమైనా, విశ్వాసం కోసం ఒంటరిగా నిలిచిన బాలుని పట్ల గౌరవం ఇరువురు స్నేహితులకూ అర్థమయ్యే విషయమే.

8. ముగింపు

ప్రవక్తల కథలు విశ్వాసాన్ని నిర్భయత్వంగా నిర్వచించవు. భయం కలిగినప్పుడు ఎవరితో చెప్పుకోవాలి, ఎవరి తోడు కోరాలి, ఆ పిమ్మట ఏ అడుగు వేయాలి అన్న క్రమాన్ని అవి చూపుతాయి. కథను కుదించేటప్పుడు అద్భుతాన్ని సంక్షిప్తం చేసినా, మూసా పరుగును, ఇబ్రాహీం ప్రశ్నను, యాఖూబ్ కన్నీటిని, యూనుస్ పశ్చాత్తాపాన్ని నిలుపుకోవాలి. ప్రవక్తల మానవీయతను దాచడం వారిపట్ల గౌరవంగా తోచవచ్చు. కాని ఖుర్ఆన్ దానిని దాచలేదు. భయపడే బాలునికి ఆ కథలలో చోటు దొరికినప్పుడే అవి హృదయాన్ని స్థిరపరచగలవు.