పియానో ముందు ఊగిపోవడం దేనికి?

ఇక్కడ మన ఇళ్ళలో చాలామంది పిల్లలు పియానో నేర్చుకుంటున్నారు. రిసైటల్‌కి వెళ్ళి కూర్చుంటాం. ఒక పాప కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, చివరి స్వరం దగ్గర చెయ్యి గాల్లోకి లేపుతుంది. తర్వాత వచ్చిన బాబు కదలకుండా కూర్చుని అంత బాగానూ వాయిస్తాడు. చప్పట్లు ఎవరికి ఎక్కువో మీకు తెలుసు. ఈమధ్య మాకు తెలిసినవాళ్ళబ్బాయికి ఒక పోటీలో "భావం తక్కువ" అని రాసిచ్చారట. వాడిప్పుడు అద్దం ముందు ఊగడం సాధన చేస్తున్నాడు. ఇది సంగీతమా, నటనా అని వాళ్ళమ్మగారు నన్నడిగారు.

ముందు వాద్యం సంగతి చూద్దాం. వీణ మీద తీగ మీటాక కూడా దాన్ని వేలితో లాగి గమకం పలికించవచ్చు. పియానోకి ఆ వెసులుబాటు లేదు. మెట్టు నొక్కితే లోపల ఫెల్టు తొడిగిన చిన్న సుత్తి లేచి తీగను కొడుతుంది. తీగకు తగలబోయే ముందే సుత్తికీ మెట్టుకీ లంకె తెగిపోతుంది. ఆ తర్వాత వేలిని ఎంత వణికించినా స్వరం వణకదు. మెట్టు వదలడం, పెడల్ తొక్కడం, మన చేతిలో ఉన్నది అంతే. కాబట్టి స్వరం పలికాక చెయ్యి పైకప్పు దాకా లేపినా ఆ స్వరంలో మార్పుండదు.

స్వరానికి ముందు జరిగే కదలిక వేరు. నిండైన ధ్వని రావాలంటే భుజం బరువు వేళ్ళలోకి దిగాలి. 88 మెట్ల మీద ఆ చివరి నుంచి ఈ చివరికి వెళ్ళాలంటే నడుము వంగాల్సిందే. ఇది పని, వేషం కాదు.

వేషం కూడా కొత్తదేమీ కాదు లెండి. ఫ్రాంజ్ లిస్ట్ 1840లో లండన్‌లో ఒంటరిగా కచేరీ చేస్తూ దానికి "రిసైటల్స్" అని పేరు పెట్టాడు. జుట్టు ఎగరేస్తూ వాయిస్తుంటే ఆడవాళ్ళు ఆయన చేతి తొడుగుల కోసం ఎగబడేవారు. కవి హైనె 1844లో ఆ పిచ్చికి "లిస్టోమేనియా" అని పేరు పెట్టాడు. మన సినిమా హీరోల అభిమానులు ఆయన కాలంలోనే ఉన్నారన్నమాట! అటు రఖ్మానినోవ్‌ని చూడండి. మొహంలో నవ్వుండదు, ఒళ్ళు కదలదు. అయినా ఆయన రికార్డులు ఈనాటికీ వింటున్నాం.

ఈ రెండింటికీ చెందనివాడు కెనడా దేశపు గ్లెన్ గూల్డ్. తండ్రి కాళ్ళు కోసి పొట్టి చేసిన కుర్చీ మీద ముక్కు మెట్లకు ఆనేంత కిందికి కూర్చునేవాడు, వాయిస్తూ కూనిరాగం తీసేవాడు. 1964లో కచేరీలు మానేసి స్టూడియోకే పరిమితమయ్యాడు. జనం లేకపోయినా ఆ ఊగడం పోలేదు, ఆ కూనిరాగం రికార్డుల్లో వినబడుతూనే ఉంటుంది. అది ఎవరికోసమూ చేసింది కాదని నా నమ్మకం.

ఇక చప్పట్ల లెక్క. స్వయంగా పియానో వాయించే చియా-జంగ్ త్సాయ్ అనే పరిశోధకురాలు 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. పోటీల్లో తుదిదాకా వచ్చిన ముగ్గురేసి వాయించిన ముక్కలను చూపించి, వినిపించి, గెలిచిందెవరో చెప్పమన్నారు. ధ్వని మాత్రమే విన్నవాళ్ళు గుడ్డిగా ఊహించినదానికన్నా మెరుగ్గా చెప్పలేకపోయారు. ధ్వని లేని వీడియో చూసినవాళ్ళు ఎక్కువసార్లు సరిగ్గా పట్టుకున్నారు. సంగీతం తెలిసినవాళ్ళదీ అదే తీరు! జడ్జీలు చెవితో పాటు, బహుశా అంతకన్నా ఎక్కువగా, కంటితో తీర్పు చెబుతున్నారన్నమాట.

అందుకని ఆ తల్లిగారికి నేను చెప్పింది ఇది. అబ్బాయి వాయిస్తున్నప్పుడు మీరు వంటింట్లోకి వెళ్ళి వినండి. ఊగినప్పటికీ ఊగనప్పటికీ తేడా వినిపిస్తే ఆ కదలిక ఉంచండి, లేకపోతే మానిపించండి. ఎందుకంటే ఎరువు తెచ్చుకున్న ఊపు మీద ధ్యాస పెడితే వేళ్ళు తప్పుతాయి. జడ్జీల కంటికోసమంటారా, నిదానంగా నడిచొచ్చి నమస్కరించడం, కుర్చీ ఎత్తు సరిచేసుకోవడం, చివరి స్వరం మోగి ఆగేదాకా చేతులు దించకుండా ఉండటం నేర్పండి. వీటికి అద్దం అక్కర్లేదు. వచ్చేవారం మళ్ళీ కలుద్దాం, సెలవు.