మట్టిగోడకు సిమెంటు చొక్కా

అమెరికాలో కూతురి దగ్గరున్న ఒక పాఠకుడికి కొత్త సరదా పట్టుకుంది. జాతీయ పార్కుల చిట్టి పుస్తకం ఒకటి కొని, చూసిన ప్రతి చారిత్రక స్థలంలో ముద్ర వేయించుకుంటున్నారు. న్యూ మెక్సికోలో పెకోస్ పార్కు ముద్ర పడ్డాక, ఇంకాస్త ఉత్తరానికి వెళ్లి రాంచోస్ దె టావోస్‌లో సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి చూశారు. అది మట్టి చర్చి. ఆయన ప్రశ్న: "రెండు శతాబ్దాలుగా అది నిలబడింది. మా ఊళ్లో మట్టిగోడ, సిమెంటు పూయించాక కొన్నేళ్లకే కూలింది. ఎందుకండీ?"

ఇలాంటి ఉత్తరం వస్తే నేను మిగతా పనులు పక్కన పెట్టేస్తాను.

ఆ చర్చిని కట్టింది అడోబ్‌తో. అడోబ్ అంటే మన పచ్చి ఇటుకే. బంకమన్ను, ఇసుక, గడ్డి కలిపి తొక్కి, అచ్చులో పోసి ఎండబెడతారు. బట్టీ ఎక్కించరు.

బంకమన్ను రేణువులు పలుచని రేకులు. గోడ ఎండాక వాటి మధ్య మిగిలిన పిసరంత నీరు తలతన్యతతో రేకుల్ని దగ్గరికి లాగి బిగిస్తుంది. అంటే మట్టిగోడను నిలబెట్టేదీ నీరే! ఆ నీరు ఎక్కువైతే మాత్రం పట్టు సడలి, రేకులు ఒకదాని మీద ఒకటి జారతాయి. గోడ మళ్లీ ముద్ద అవుతుంది.

నీరు ఎక్కువయ్యే దారి వాన ఒక్కటే కాదు. పునాది కింది చెమ్మ, దీపం వత్తిలో నూనెలా, సన్నటి రంధ్రాల వెంట పైకి పాకుతుంది. మట్టిపూత ఉన్న గోడలో అది ఎక్కినంతా ఎక్కి, పూత గుండా ఆవిరై పోతుంది. పోతూ పోతూ వదిలే ఉప్పు స్ఫటికాలు కూడా పూతనే పొక్కిస్తాయి. వాన కోసినా పూతనే కోస్తుంది. తాను అరిగిపోయి ఇటుకను కాపాడటమే పూత ఉద్యోగం. అందుకే రాంచోస్ ఊరివాళ్లు ఏటా చేరి, కొత్త మట్టి మెత్తుతారు.

ఏటేటా ఈ చాకిరీ ఎందుకని 1967లో ఆ చర్చికి సిమెంటు తొడిగారు. గట్టిది మెత్తనిదాన్ని కాపాడుతుందన్న నమ్మకం మేస్త్రీలకే కాదు, ఇంజనీర్లకూ ఉండేది. కానీ ఎండకూ చలికీ సిమెంటు ఒకలా, మట్టి మరోలా వ్యాకోచిస్తాయి, సంకోచిస్తాయి. వెంట్రుకవాసి పగుళ్లు పడ్డాయి. ఆ పగుళ్లలోంచి వాన లోపలికి దూరింది, ఆవిరై బయటికి వచ్చే దారి మాత్రం మూసుకుపోయింది. పైకి నున్నగా కనిపిస్తున్న చొక్కా కింద ఇటుకలు నానుతూ కూర్చున్నాయి. చివరికి 1979లో సిమెంటు ఊడగొట్టి, గోడలు బాగుచేసి, మళ్లీ మట్టికే వచ్చారు.

జార్జియా ఓకీఫ్ బొమ్మల్లో, ఆన్సెల్ ఆడమ్స్ ఫోటోలో కనిపించే ఆ చర్చి వెనుకవైపు గుండ్రటి ఆనుగోడలకు అంత నునుపు చేత్తో మెత్తిన మట్టి వల్లే వచ్చింది.



ఇక ఉపయోగం అంటారా? మన ఊళ్లలో పాత మట్టిగోడ మీద సిమెంటు వేయించడం ఇప్పటికీ అభివృద్ధి కిందే లెక్క. మట్టి మెత్తడం తెలిసిన చేతులు వెతికితే గాని దొరకవు. పాఠకుడు గారూ, ఈసారి అడోబ్ కట్టడానికి వెళితే గంటగోపురం తర్వాత చూద్దురుగాని. ముందు వంగి, గోడను మోకాలి ఎత్తున చూడండి. అక్కడ ఉప్పు తేలి, మట్టి లోపలికి కొరుక్కుపోయి ఉంటే, చెమ్మ బయటికి పోయే దారి మూసిన సిమెంటు పక్కనే ఎక్కడో ఉందేమో వెతకండి.