ఊపిరి చెప్పే వాపు

పిల్లల ఆస్పత్రిలో ఊపిరి పరీక్షలు చేయడం నా ఉద్యోగం. పొద్దస్తమానం "ఊదు నాన్నా, ఊదు, ఇంకా ఊదు" అంటుంటాను. స్పైరోమెట్రీ చాలామందికి తెలిసిందే. ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టంలోకి ఒక్క ఉదుటున ఊదిస్తాం. శ్వాసనాళాలను వదులు చేసే సాల్బుటమాల్ మందు ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తాం. మొదటి సెకనులో బయటికొచ్చే గాలి 12 శాతమో అంతకు మించో పెరిగితే ఉబ్బసానికి అది గట్టి ఆధారం. చిక్కల్లా ఏమిటంటే, అర్ధరాత్రి పిల్లికూతలతో నిద్రపోనివ్వని పిల్లాడు పొద్దున నా ముందు గంతులేస్తుంటాడు. పరీక్ష కూడా బాగానే వస్తుంది. "నిజం సిస్టర్, రాత్రి చూడాల్సింది" అంటుంది తల్లి. ఆవిడ మాట నమ్మాల్సిందే.

అలాంటప్పుడు ఫెనో అనే మరో ఊపిరి పరీక్ష పనికొస్తుంది. శ్వాసనాళాల్లో అలర్జీ వాపు ఉంటే లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను ఎక్కువగా వదులుతుంది. మనం విడిచే ఊపిరిలో ఆ వాయువు ఉందని 1991లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. ఉబ్బసం ఉన్నవాళ్లలో అది ఎక్కువని 1993లో అక్కడివారే చెప్పారు. వంద కోట్ల పాళ్లలో ఎన్ని పాళ్లన్నదే లెక్క. పన్నెండేళ్ల లోపు పిల్లలకు 20 లోపు తక్కువ, 35 దాటితే ఎక్కువ. నడుమ వస్తే డాక్టరుగారు మిగతా లక్షణాలతో కలిపి చూస్తారు.

ఇందులో బలం చూపించకూడదు. తెర మీది బెలూన్ గీతల మధ్యే తేలేలా ఆరు సెకన్లు నిదానంగా ఊదాలి. నా అనుభవంలో దీనికి అల్లరి పిల్లలకంటే బిడియస్తులే నయం! దీన్ని స్పైరోమెట్రీకి ముందే చేయాలి. గట్టిగా ఊదాక చేస్తే అంకె తగ్గిపోతుంది. పాలకూర, బీట్‌రూట్ తింటే పెరుగుతుంది. గంట ముందు నుంచీ ఏమీ తినకుండా, తాగకుండా రమ్మనేది అందుకే.

అంకె ఒక్కటే చూసి ఉబ్బసమని ముద్ర వేయరు. ముక్కు అలర్జీతోనూ అది పెరుగుతుంది, తక్కువొచ్చినంత మాత్రాన ఉబ్బసం లేదనీ కాదు. ఐదేళ్ల లోపువాళ్ల చేత సరిగ్గా ఊదించడమే కష్టం. వాళ్ల విషయంలో లక్షణాలు, ఇంట్లో ఎవరికి ఉబ్బసం ఉందన్నదే ముఖ్యం.

ఆ మధ్య ఒక ఎనిమిదేళ్ల ఉబ్బసం పాపకు ఫెనో 52 వచ్చింది. దగ్గు లేదు, ఆయాసం లేదు. "బాగుంది కదా అని పంపు ఆపేశాం, అలవాటైపోతుందేమోనని" అన్నాడు తండ్రి, రోజూ పీల్చే ఇన్‌హేలర్ గురించి. పంపులోని స్టిరాయిడ్ అలవాటయ్యే మందు కాదు, వాపును తగ్గించే మందు. దగ్గు ఆగినా లోపల వాపు ఉండొచ్చు.

డాక్టరును అడగకుండా పంపు ఆపకండి. పరీక్షకు వచ్చేటప్పుడు పంపు, దానికి తగిలించే స్పేసర్ గొట్టం వెంట తెచ్చుకోండి. పిల్లాడు ఎలా పీలుస్తున్నాడో కూడా చూస్తాం.