పనిలో గాయపడినవాని హక్కు

వానకాలపు పంట ఇల్లు చేరిన పిదప పాలమూరు పల్లెలకు గుంపు మేస్త్రీ వచ్చును. కొంత సొమ్ము బయానాగా నిచ్చి, కూలీలను కూడగట్టి, దూరప్రాంతములకు తీసికొనిపోవును. ఈ మెట్టనేలలో ఇది తరతరముల వాడుక. 1955 డిసెంబరు 10వ తేదీన నందికొండ వద్ద నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగిన కాలము నుండి నేటి మహానగరముల అంతస్తుల వరకు, ఎన్నో కట్టడములలో పాలమూరు కూలీల చెమట కలిసియున్నది. పూర్వపు నల్లగొండ జిల్లాలో సిమెంటు కర్మాగారములు, రాతిగనులు వేలాదిమందికి కూడు పెట్టుచున్నవి. కూడు పెట్టు ఈ పనులే ఒక్కొక్కప్పుడు కాలు విరుచును, కన్ను తీయును, ప్రాణమును గొనును.

అట్టి సమయమున మేస్త్రీ వచ్చి, అయిదో పదో వేలు చేతిలో పెట్టి, ఒక కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొని పోవుట పలుచోట్ల జరుగుచున్నది. ఇంటివారు మూడు మాటలు చెప్పుకొని ఊరకుందురు. తప్పు మనవానిదే, మన చేత కాగితము లేదు, ఆ ఊరు చాలా దూరము. ఈ మూడును నిజముగా అడ్డంకులేనా యని మేము నేడు విచారింపదలచితిమి.

మన దేశమున పనివారి నష్టపరిహారపు చట్టము 1923లో పుట్టి, 1924 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చినది. 2025 నవంబరు 21 నుండి దాని స్థానమున 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి అమలులోనికి వచ్చినది. పేరు మారినను పాత చట్టపు మూలసూత్రములు కొత్తదానిలోను నిలిచియున్నవి.

మొదటి అడ్డంకి తప్పు. యజమాని అజాగ్రత్తగా నుండెనని కూలి నిరూపింపనక్కరలేదు. పనిలో నుండగా, ఆ పని కారణముగా ప్రమాదము జరిగినదని చూపిన చాలును. మూడు దినములకు మించి పనిచేయలేకపోయినచో పరిహారపు హక్కు కలుగును. త్రాగిన మైకము వలన గాని, భద్రతకై పెట్టిన నియమమును బుద్ధిపూర్వకముగా ధిక్కరించుట వలన గాని గాయపడినవానికి పరిహారము నిరాకరింపవచ్చును. అయితే మరణము గాని శాశ్వతమైన పూర్ణ అంగవైకల్యము గాని సంభవించినప్పుడు ఆ సాకులు సయితము చెల్లవు. రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడు సిలికోసిస్ వంటి వృత్తిరోగములను కూడ చట్టము గాయముగనే ఎంచును.

రెండవది కాగితము. నియామక పత్రము లేని కూలికిని హక్కు కలదు. తోటి కూలీల సాక్ష్యము, ఆసుపత్రి చీటీ, పోలీసు ఫిర్యాదు, బ్యాంకు ఖాతాలో పడిన కూలి, పనిచోట తీసికొనిన ఛాయాచిత్రము, ఇవన్నియు పనికివచ్చును. మేస్త్రీ పేదవాడు, అతడేమి ఇచ్చుననుటయు సరికాదు. అతనికి పని నప్పగించిన అసలు యజమాని నుండియే పరిహారము కోరవచ్చును. ఇక వ్రేలిముద్ర మాట. హక్కును వదలుకొంటిననెడి ఒప్పందము చెల్లదు. కూలి మరణించినప్పుడు పరిహారమును యజమాని అధికారివద్ద జమకట్టవలెను. ఇంటివారి చేతికి నేరుగా ఇచ్చినది, మూడు నెలల వేతనమునకు మించని బయానా తప్ప, పరిహారముగా లెక్కకు రాదు.

పరిహారపు లెక్క ఇట్లుండును. మరణమైనచో నెల వేతనములో సగమును, శాశ్వత పూర్ణ వైకల్యమైనచో నూటికి అరువది వంతులను, వయస్సును బట్టి నిర్ణయించిన సంఖ్యతో హెచ్చవేయవలెను. ముప్పది ఏండ్లవానికి ఆ సంఖ్య 207.98. నెలకు 12,000 రూపాయలు సంపాదించు అట్టివాడు మరణించినచో 12,47,880 రూపాయలు; పూర్ణ వైకల్యము పొందినచో 14,97,456 రూపాయలు. బొటనవ్రేలు పోయిన 30 శాతము నష్టమని పట్టికలో నున్నది. అతనికి సుమారు 4 లక్షల 49 వేలు రావలెను. కొంతకాలమే పనికి దూరమైనవానికి ప్రతి పదునైదు దినములకు నెల వేతనములో నాల్గవ వంతు, అనగా 3,000 రూపాయలు ఈయవలెను. వైద్యమునకైన ఖర్చు వేరుగా రావలసినదే. అయిదువేలకు, పండ్రెండు లక్షలకు గల దూరమును శ్రోతలే గమనింతురు గాక.

వైకల్యమును కొలుచునపుడు శరీరమునేగాక పనిని కూడ చూడవలెను. ఎడమచేయి పోయిన ఒక వడ్రంగి విషయమున, ఒంటిచేతితో వడ్రంగము సాగదు గనుక అది పూర్ణ నష్టమేయని సుప్రీం కోర్టు 1975లో తీర్పు చెప్పినది. పరిహారము చెల్లింపవలసిన బాధ్యత ప్రమాదము జరిగిన దినముననే పుట్టుననియు ఆ తీర్పు తేల్చినది. నెలలోపల చెల్లింపనిచో 12 శాతము వడ్డీయు, తగిన కారణము లేనిచో పరిహారములో సగమువరకు అదనపు దండుగయు పడును.

మూడవది దూరము. వలస కూలికి ముఖ్యమైన మాట ఇదియే. ప్రమాదము జరిగిన చోటనే గాక, గాయపడినవాడు గాని, మరణించినవాని ఆశ్రితులు గాని సాధారణముగా నివసించు చోటను దావా వేయవచ్చును. పుణెలో పరంజు మీదినుండి పడినవాడు పుణెకు తిరుగనక్కరలేదు. తన జిల్లాలోని కార్మికశాఖ కార్యాలయమునకు పోయి, అచ్చటి అధికారివద్ద అర్జీ వేయు విధానమును తెలిసికొనవచ్చును.

ఈ నియమము ఒక్క పాలమూరువారికే కాదు. 2025 ఫిబ్రవరి 22వ తేదీన నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట వద్ద, శ్రీశైలము నీటిని నల్లగొండకు తెచ్చుటకై త్రవ్వుచున్న సొరంగము కప్పు కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకొనిరి. ఒక్కరును ప్రాణములతో వెలికి రాలేదు. వారు పంజాబు, జార్ఖండు, ఉత్తరప్రదేశము, జమ్మూ కాశ్మీరముల నుండి వచ్చినవారు. మనవారు పరాయి నేలకు పోయినట్లే, పరాయివారు మన నీటికై ఇచ్చటికి వచ్చిరి. అట్టివారి కుటుంబములకు తమ ఊరిదగ్గరనే పరిహారము కోరు దారి ఉండుట ఎంత అవసరమో ఈ ఘోరమే చెప్పుచున్నది.

జ్ఞాపకముంచుకొనవలసినవి కొన్ని కలవు. ప్రమాదము జరిగిన వెంటనే యజమానికి వ్రాతమూలకముగా తెలుపవలెను. ఆసుపత్రిలో ఇది పనిలో తగిలిన గాయమని వ్రాయింపవలెను. రెండు సంవత్సరములలోపల దావా వేయవలెను. ఈ.ఎస్.ఐ. బీమా గల పనివారికి యజమాని బదులు ఆ సంస్థయే ఇచ్చును, వారచ్చటనే అడుగవలెను.

వలస పోవు ఇంటివారికి పనికి బయలుదేరు ముందే ఈ మాటలు తెలియుట మేలు. మీ వాడలో అట్టి ఇల్లున్నచో ఈ సంగతి చేరవేయుడని మా మనవి. మేస్త్రీ పూర్తిపేరు, అసలు యజమాని పేరు, పనిచోటి చిరునామా, ఈ మూడును ఒక కాగితముపై వ్రాసి ఇంటియొద్ద ఉంచుకొనుమని చెప్పుడు. ఆపద వచ్చిననాడు వెదకవలసినవి మొదట ఇవియే.