నల్లమల విలుకాండ్రు

మార్కాపురం నుండి పడమరగా చూచినవారికి దిగంతాన నల్లని గోడవలె నిలిచి కనిపించేది నల్లమల. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లా నుండి వచ్చి చేరిన మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రాంతాలకు ఈ కొండలే పడమటి ఎల్ల. కొన్ని శిఖరాలు 900 మీటర్ల ఎత్తును దాటుతాయి. గిద్దలూరు నుండి నంద్యాలకు పోయే రైలు దిగువమెట్ట దాటి ఈ అడవిలోకి ప్రవేశిస్తుంది. దోర్నాల నుండి శ్రీశైలం వెళ్ళే బాటసారికి కూడా ఇదే అరణ్యం అడ్డు వస్తుంది. ఈ అడవిని ఇల్లుగా చేసికొని తరతరాలుగా బ్రతికినవారు చెంచులు. చెంచు అనగానే మనకు తోచే రూపం భుజాన విల్లు, చేత అమ్ములు. ఆ విల్లు వెనుక ఎంత విద్య ఉన్నదో ఆలోచించేవారు తక్కువ.

మన కావ్యాలలో వేటకు కొదువ లేదు. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేటకు వెళ్తాడు. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నడు వేటాడుతాడు. మృగయావర్ణన ప్రబంధకవులకు ప్రీతిపాత్రమైన ఘట్టం. కాని రాజుల వేట వేరు, ఆకలిగొన్నవాని వేట వేరు. రాజు వెంట పరివారం ఉంటుంది, జాగిలాలు ఉంటాయి, వలలు ఉంటాయి. అడవి దద్దరిల్లేటట్లు కేకలు వేసి మృగాలను ఎదుటికి తోలుతారు. చెంచువేటలో ప్రధానమైనది మౌనం. అతనికి తోడు ఇద్దరు ముగ్గురు చెలికాండ్రు, మహా అయితే ఒక కుక్క.

విల్లు వెదురుతో చేసినది. అమ్ములకు ఇనుపమొనలు కావాలి గనుక వాటికోసం మైదానంలోని కమ్మరుల వద్దకు రావలసిందే. అడవి ఎంత దట్టమైనదైనా ఊరితో ఈ పాటి సంబంధం ఎప్పుడూ ఉన్నది. అల్లెత్రాటిని చెవిదాకా లాగి విడిచినా ఇటువంటి విల్లు నమ్మకంగా పనిచేసేది ఇరవై ముప్ఫై గజాల లోపలే. తుపాకి పట్టినవాడు దూరం నుండే గురి చూడగలడు. విలుకాడు మృగం ఊపిరి వినిపించేటంత దగ్గరకు పోవాలి. విలువిద్యలోని కష్టమంతా ఈ దగ్గరకు పోవటంలోనే ఉన్నది. బాణం వదలటం చివరి క్షణంలోని పని మాత్రమే.

ఉదాహరణకు కణుజును తీసికొందాం. సాంబరు అని కూడా పిలిచే ఈ మృగం మన దేశంలోని జింకజాతులన్నింటిలో పెద్దది. బాగా ఎదిగిన పోతు రెండు వందల కిలోలకు పైగా తూగుతుంది. దీనికీ అమెరికా పడమటి కొండలలోని ఎల్క్ అనే మహామృగానికీ కుటుంబం ఒకటే. సింహళంలో ఉండిన ఆంగ్లేయ వేటగాండ్రు కణుజునే ఎల్క్ అని పిలిచేవారు కూడా. కణుజు పగలు గుబురులలో పడుకొని, చీకటి పడ్డ తరువాత మేతకు, నీటికి బయలుదేరుతుంది. దాని చూపుకంటె వినికిడి, వినికిడికంటె వాసన పట్టే శక్తి గొప్పవి. కాబట్టి వేటగాడు ముందు గాలివాటం తెలిసికోవాలి. గాలి తనవైపు నుండి మృగంవైపు వీచిందా, ఆ నాటికి వేట ముగిసినట్లే. ఎండుటాకు మీద అడుగు పడకూడదు. నేలలోని గిట్టముద్ర నిన్నటిదో, తెల్లవారుజామునాటిదో దాని అంచు చూచి చెప్పగలగాలి.

బాణం తగలగానే అంత పెద్ద జంతువు కూలిపోదు. రక్తమోడుతూ పరుగెత్తుతుంది. వెంటనే తరిమితే మరింత దూరం పోతుంది. అందుచేత కొంతసేపు ఓపికపట్టి, ఆకులమీది చుక్కలను అనుసరించి మెల్లగా వెళ్ళాలి. చెలికాండ్ర అవసరం ఇక్కడే తెలుస్తుంది. ఒకడు చివరి రక్తపుచుక్క వద్ద నిలబడితే మరొకడు ముందుచుక్కను వెదకుతాడు. పడిన మృగాన్ని కోసి మోయటం ఒక్కని వల్ల అయ్యే పని కాదు. తెచ్చిన మాంసం పెంటలోని ఇళ్ళకు పంచేవారు. నిలువ చేసికొనే వసతి లేని బ్రతుకులో ఈనాడు పంచినవానికే రేపటి పాలు.

అమెరికాలోని కొలరాడో, మాంటానా కొండలలో నేటికీ స్నేహితులు జట్టుగా వెళ్ళి ఎల్క్‌ను విల్లుతో వేటాడుతారు. అక్కడ ప్రభుత్వం అనుమతిపత్రం ఇస్తుంది, విలుకాండ్రకు శరత్కాలంలో ప్రత్యేకంగా గడువు పెడుతుంది. గాలివాటం, అడుగుజాడ, నెత్తుటిచార — నియమాలు అన్నీ నల్లమలలోనివే. భేదం ఒక్కటే. ఆ వేట సెలవులకు పోయినవారిది, ఇది కొండలోనే పుట్టినవారిది.

అయినా చెంచులు వేటమాంసంతోనే బ్రతికారనుకోవటం సరికాదు. ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ కృష్ణకు ఉత్తరాన అమ్రాబాదు చెంచుల మధ్య నివసించి 1943లో వారిపై గ్రంథం ప్రకటించాడు. నిత్యం కడుపు నింపినవి వేటకంటె ఎక్కువగా అడవిగడ్డలు, పండ్లు అని ఆయన గమనించాడు. గడ్డలు త్రవ్వే కర్ర పట్టిన స్త్రీయే ఇంటికి ఆధారం. విల్లుకు వచ్చిన కీర్తి ఆ కర్రకు రాలేదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట అనుమతిపత్రంతో కొంత వేటను సాగనిచ్చింది. 1991 సవరణతో ఆ దారి మూసుకొన్నది. ఈలోగా 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం ఏర్పడింది, 1983లో అది పులుల సంరక్షణ పథకంలో చేరింది. అడవిహక్కులను గుర్తించిన 2006 చట్టం తేనె, జిగురు వంటి ఫలసాయం సేకరించే హక్కును ఇచ్చింది గాని, సంప్రదాయపు వేటహక్కును స్పష్టంగా మినహాయించింది. చట్టం రావలసిందే. తుపాకులతో వినోదపు వేట సాగించినవారు, అడవులను నరికినవారు మృగసంపదకు చేసిన చేటు చిన్నది కాదు. ఇరవై గజాల విల్లును ఆ తుపాకితో ఒకే గాటన కట్టటం మాత్రం న్యాయం అనిపించుకోదు. తాత నేర్చిన విద్య మనుమని చేతిలో నేరమైంది. దానికి బదులుగా ఏ జీవనం చూపాలన్న ప్రశ్నకు తృప్తికరమైన సమాధానం ఇంకా దొరకలేదు.

విల్లు ఉత్సవాలలో మిగిలింది. కొండకు ఆవలివైపున ఉన్న అహోబిలంలో సంక్రాంతి వేళ మొదలయ్యే పారువేటలో నరసింహస్వామి పల్లకి ఊరూరా తిరుగుతుంది. చెంచులక్ష్మిని చేపట్టిన ఆ స్వామి వారికి అల్లుడు. చెంచులు పల్లకివైపు బాణాలు వేసి తమ చుట్టరికాన్ని, చనువును చాటుకొంటారు.

విద్య మరొక చోట మిగిలింది. పులుల అభయారణ్యంలో అటవీశాఖ నెలకొల్పిన రక్షణ శిబిరాలలో చెంచు యువకులు కాపలాదారులుగా పనిచేస్తున్నారు. నీటివాగు ఒడ్డున పులి అడుగును గుర్తించటం, అది ఏ దిక్కుకు పోయిందో ఊహించటం, అడవిలో కొత్తగా పడిన మనిషిజాడను పట్టటం వారి పని. పులిని పసిగట్టిన కణుజు కాలితో నేలను తాటించి, లోయంతా మారుమ్రోగేటట్లు పెద్దగా అరుస్తుంది. పూర్వం ఆ అరుపు వినిపిస్తే వేట చెడినట్లు. నేడు అదే అరుపు విని, గాలి ఎటు వీస్తున్నదో చూచుకొని, పులి తిరిగిన బాటను వెదకుతూ కాపలాదారు అటువైపే నడుస్తాడు.